పూచీ కంకణం

ఓడ వచ్చిన లక్ష్మివారం

పొద్దున్నే, సముద్రం మీద తేలే ఊళ్ళవాళ్ళ జెండాకు ఇస్త్రీ చేస్తున్నాను. రవణ వచ్చి గుమ్మంలో నిలబడి కుడిచేయి చాపింది. మణికట్టుకు బూడిదరంగు కంకణం ఉంది. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉన్న సంగతే మరిచిపోయాను. జెండా మీద అరచేయంత మచ్చ పడింది.

పైడిరాజూ, నీ చెల్లెలు నాతో ఒక్క మాట చెప్పలేదు. నువ్వు పోయాక మన ఇంటి పేరు చీటీల్లో వేయడం మానేశారు. ఒక బిడ్డను ఇచ్చిన ఇంటిని మళ్ళీ అడగరు. ఇదే తనంతట తాను వెళ్ళి పేరు ఇచ్చుకొచ్చింది.

“ఎవుర్నడిగి కట్టించుకున్నావే?” అన్నాను.

“ఎవుర్నడగాలమ్మా? పూచీకి ఎల్లినోళ్ళకి ఓడ మీద పొరలు సేసే పని సూపిత్తారట. ఆ పని ఈ కొండ మీద ఒక్కరికీ రాదు. నాను నేర్సుకుంటే మనం ఆళ్ళ కోసం ఎదురు సూడక్కర్లేదు.”

“మీ అన్నా ఇదే సెప్పి ఎల్లినాడు.”

“అన్నకి ముసిలాయన పడ్డాడమ్మా. నాకు పడిందావిడ వయసులో ఉన్న మనిషి. కాగితం సూసినాను. ఏ రోగమూ లేదు.”

కాగితంలో అన్నీ ఉంటాయి, మనిషి తప్ప. ఆ మాట పైకి అనలేదు. కొడదామనుకున్నాను, కొట్టి ఏం లాభం. ఒకసారి మూసుకున్న కంకణం దాని జత కంకణం తగిలితే తప్ప ఊడదు.

మధ్యాహ్నం రేవుకు దిగాం. మునిగిపోయిన పట్నం మేడల కొసలు నీళ్ళలోంచి కనిపిస్తూ ఉన్నాయి, వాటి అవతల ఓడ. విశ్వవిద్యాలయం బ్యాండు వాయించారు. అతిథులు ఏడుగురు ఇటు దిగారు, మన పిల్లలు ఏడుగురు వాళ్ళ ఎదురుగా నిలబడ్డారు. ఎవరి జతతో వాళ్ళు మణికట్టుకు మణికట్టు ఆనించారు. కంకణాలు గుటుక్కుమన్నాయి. ఆ గుటుక్కు నాకు నిద్రలో కూడా తెలుసు. ఇక అక్కడి నుంచి ఇవతలి గుండె అవతలి కంకణంలో కొట్టుకుంటుంది. అవతలి గుండె ఇవతలి కంకణంలో కొట్టుకుంటుంది. ఏ ఒక్కటి ఆగినా రెండోది ఆగుతుంది.

వాళ్ళ మనుషులను మనం, మన మనుషులను వాళ్ళు చంపుకున్న తర్వాత పెద్దలు కూర్చుని రాసుకున్న పద్ధతి ఇది. ఇలా అయితే తప్ప వాళ్ళు రారు. వాళ్ళు రాకపోతే ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే పొరలు రావు, కొండ ఎండిపోతుంది. పూచీ ఇచ్చిన ఇంటివాళ్ళే విశ్వవిద్యాలయం అతిథిగృహంలో ఆ అతిథికి వండిపెట్టాలన్నది కూడా ఆ రాతలోదే. రాసినవాళ్ళెవరో గానీ తల్లుల సంగతి తెలిసినవాళ్ళు.

నా అతిథి పేరు మారెన్. నీళ్ళ పొరల పంతులమ్మ. సన్నగా, ఎండ ఎరగని రంగులో ఉంది. దండ వేయబోతే వెనక్కి జరిగింది. ఆమె భుజం మీదుగా చూస్తే రవణ నిచ్చెన ఎక్కుతూ ఉంది. వెనక్కి తిరిగి చేయి ఊపింది, కంకణం ఉన్న చేయే.

పక్కింటి సూరీడమ్మ మరిది కొడుకు కూడా పూచీకి ఎక్కాడు. ఆమె వాటాకు ఒక లావుపాటి ఆయన వచ్చాడు.

“సూసినావా వొదినా,” అంది నా చెవిలో. “ఈయన్నెక్కించుకుని ఓడ ములిగిపోకుండా ఎలగొచ్చినాదో.”

నవ్వు రాలేదు. ఆమెకూ రాలేదు.

శాలువాల శుక్రవారం

కార్యక్రమం కాగితాలు మిగిలిపోతే వాటి వెనక రాస్తున్నాను. నాలుగో తరగతి చేతిరాత. నీకు తప్ప ఎవరికీ చూపించేది కాదు.

ఈ రోజు స్వాగత సభ. పెద్దసారు మాట్లాడారు, తర్వాత చిన్నసార్లు మాట్లాడారు, తర్వాత మాట్లాడినవాళ్ళ గురించి ఇంకొకరు మాట్లాడారు. ఒక్కొక్క అతిథికి పట్టుశాలువా, చందనపు బొమ్మ. ఆ ఉక్కలో శాలువాలు కప్పుకుని ఏడుగురూ ఆవిరి కుడుముల్లా కూర్చున్నారు. ఆతిథ్య విభాగం పెద్ద త్రివిక్రమరావు సారు మా ఆడవాళ్ళ దగ్గరికి వచ్చి, “కాస్త నవ్వుతూ ఉండండమ్మా, ఫోటోల్లో ఎవరో పోయినట్టు ఉన్నారు” అన్నారు. అని, నా వంక చూసి, తల దించుకుని వెళ్ళిపోయారు. మంచి మనిషే. మాట జారాక తెలుస్తుంది ఆయనకు.

అతిథులందరి మెడలోనూ మాటపెట్టె ఉంటుంది. వాళ్ళ భాషలో గొణిగితే అది మన భాషలో చెబుతుంది. ఎవరు నేర్పారో దానికి, పాత పుస్తకంలో పురాణం చదివినట్టు మాట్లాడుతుంది. మారెన్ భోజనానికి కూర్చుని, “ఈ పదార్థము నామమేమి?” అంది పెట్టెలోంచి. “పప్పు పులుసు తల్లీ” అన్నాను. సూరీడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తనకు మారెన్ అనడం రాదు, మరిడమ్మ అంటుంది. నాకూ అదే అలవాటైంది.

చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ ఆమె మణికట్టు పట్టుకున్నాను. కావాలనే పట్టుకున్నాను. కంకణం కింద చిన్న చేప కదిలినట్టు ఉంది. అది రవణ. మరిడమ్మ చేయి లాక్కోలేదు. నేను ఎంతసేపు పట్టుకున్నానో, చెంబులో నీళ్ళు అయిపోయాయి.

నువ్వు చూడనిది నీకు చెప్పాలి. నీ అతిథి ముసలాయన రాళ్ళ గురించి చదువుకున్నవాడు. ఉప్మా అంటే ప్రాణం. ఆ మధ్యాహ్నం పడుకుని లేవలేదు. మజ్జిగ తీసుకెళ్ళి ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా ఉంది. చేతి కంకణం మాత్రం కొట్టుకుంటూనే ఉంది. అది నువ్వు. పొరపాటు జరగకుండా కాస్త గడువు పెట్టారట ఆ కంకణాలకు. ఆ కాస్తసేపూ నిన్ను నేను పట్టుకునే ఉన్నాను నాయనా. అరిచాను, అందరూ వచ్చారు, ఎవరికీ చేయడానికి ఏమీ లేకపోయింది. నువ్వు ఓడ మీద ఏదో తమాషాలో ఉన్నావు కాబోలు, గబగబా కొట్టుకుంది. తర్వాత ఆగింది.

ఆ తర్వాత వాళ్ళు ముసలివాళ్ళను పంపడం మానేశారు. మారిందల్లా అదే.

పోపు పెట్టిన రోజు

ఇంగువ పోపు పెట్టాను. మరిడమ్మ భోజనాల బల్ల దగ్గర నుంచి లేచి పరుగెత్తి వసారాలో వాంతి చేసుకుంది. ఒక చేత్తో ఆమె తల పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె మణికట్టు తడిమాను. రవణ కొట్టుకుంటోంది, వేగంగా. అవతల దీని గుండె అదురు దానికి తెలిసి ఉంటుంది.

గంటలో అతిథిగృహమంతా పోలీసుస్టేషన్ అయింది. అతిథుల పెద్ద ఒకాయన ఉన్నాడు, ఎప్పుడూ నవ్వడు. ఆయన వచ్చి నా వంటగదిలో గిన్నెలన్నీ వాసన చూశాడు. త్రివిక్రమరావు సారు మొహం పాలిపోయింది. “ఏం పెట్టావు దాలమ్మా, నిజం చెప్పు, ఏం కలిసింది అందులో?” అని అడిగిన ప్రశ్నే అడిగారు. డాక్టరు పప్పు పులుసును సీసాలో పట్టుకెళ్ళాడు.

ఈ గొడవలో ఎవరూ చూడనిది నేను చూశాను. మరిడమ్మ పెరటి మెట్ల మీద కూర్చుని, రాలిన చింతకాయ తొక్క వలిచి, ఉప్పు కూడా లేకుండా నములుతూ ఉంది. కళ్ళు మూసుకుని నములుతూ ఉంది.

నీళ్ళోసుకుంది. నాకు అర్థమైంది.

నెల నిలబడేదాకా ఆ మాట పైకి అనకూడదు. మా అమ్మ చెప్పింది, ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. అందులోనూ ఇంతమంది మగవాళ్ళ మధ్య. నేను సారు దగ్గరికి వెళ్ళి, “మా కారం పడనట్టుంది సారూ. రేపట్నించి సప్పగా సేత్తాను” అన్నాను. అందరి ఊపిరీ కిందికి దిగింది. నవ్వని ఆయన కూడా గిన్నె మూత పెట్టేశాడు.

వాళ్ళు వెళ్ళాక మరిడమ్మ నా దగ్గరికి వచ్చింది.

“మీరు ఏల అసత్యము పలికితిరి?” అంది పెట్టె.

“ఆడదాని కడుపు సంగతి ఆళ్ళకేల?”

పెట్టె ఆ మాటను వాళ్ళ భాషలోకి మార్చగానే ఆమె వణికిపోయింది. గోడ పట్టుకుంది. నాకు జాలేసింది. భయం కూడా వేసింది, ఆమె అలా వణికితే అవతల నా పిల్ల ఏమవుతుందోనని. దగ్గర కూర్చోబెట్టుకుని తల నిమిరాను. నోటికి వచ్చిందేదో చెప్పాను. మా వైపు తొలిపురుడు పుట్టింట్లోనే పోస్తామని చెప్పాను. తల్లి దగ్గరుంటే భయం ఉండదని చెప్పాను. “ఇది నీ పుట్టిల్లే అనుకో” అన్నాను.

“పుట్టినింటి నుండి బిడ్డను ఎవరైనను తీసికొనిపోవుదురా?”

“పుట్టింట్లో బిడ్డ మీద సెయ్యెవుడేత్తాడు తల్లీ, నానుండగా?”

ఆమె నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. పెట్టెకు ఏడుపు రాదు, గరగరమంది అంతే. మీ ఇల్లే అనుకోండి, పుట్టిల్లే అనుకో, ఇవి వచ్చిన ప్రతివాళ్ళకూ మనం అనే మాటలు. చీరలు అమ్ముకోవడానికి వచ్చిన మనిషితో కూడా అంటాం. ఎవరూ నిజంగా ఉండిపోరు.

సంతకాల రోజు

ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వాళ్ళు పొరలు ఇస్తారు, మనం విత్తనాలు ఇస్తాం. మళ్ళీ శాలువాలు. మరిడమ్మ కూడా సంతకం పెట్టింది, చప్పట్లు కొట్టారు. గదికి వచ్చి తలుపు వేసి, శాలువా మడిచి నా చేతిలో పెట్టింది.

“నేను తిరిగి ఓడనెక్కను,” అంది. “మీరు వచనమిచ్చితిరి.”

పుట్టిల్లే అనుకో అన్న నా మాటను నిజంగానే పట్టుకుంది.

మెల్లగా చెప్పింది. వాళ్ళ ఊళ్ళలో చోటు లేదు, బిడ్డను కనాలంటే అనుమతి కావాలి. ఆమెకు రాలేదు. “పూర్వము ఒకటి తీసివేసిరి. దీనిని కూడ తీసివేయుదురు.” ఓడ ఎక్కాక వాళ్ళ డాక్టరు అందరినీ పరీక్ష చేస్తాడట. ఇంక దాచడం కుదరదు.

“మరి నా గుంట?” అన్నాను.

పెట్టె గొణిగింది. ఆమె తన మణికట్టు వంక చూసుకుంది. అతిథి తిరిగి రాకపోతే పూచీ మనిషి కంకణం ఊడదు, ఓడతో పాటే పోతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. చివరికి, “ఆలోచించుచున్నాను” అంది.

పైడిరాజూ, అప్పటి నుంచి నా ఒంట్లో ప్రాణం లేదు. సారుకు చెబుదామని గుమ్మం దాకా వెళ్ళాను. చెబితే ఆమెను గదిలో పెట్టి తాళం వేస్తారు. వాళ్ళ డాక్టరును పిలిపిస్తారు. కడుపుతో ఉన్న మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తే ఏం చేసుకుంటుందో ఎవరు చెప్పగలరు. ఏది చేసుకున్నా అది రవణకే. వెనక్కి వచ్చాను. కత్తిపీట తీసేశాను. అద్దం తీసేశాను. దోమతెర తాడు తీసేశాను. అన్నం ముద్దలు చేసి తినిపించాను, తిననంటే బతిమాలాను. అది ప్రేమో భయమో నాకే తెలియలేదు. గుమ్మానికి అడ్డంగా కూర్చుని బియ్యం ఏరాను, ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరాను.

సూరీడమ్మ చూసింది. “ఏటి వొదినా, ఆవిడేటి పారిపోతాదా? మా వోణ్ణి సూడు, అరిటిపళ్ళ గెల దగ్గిర కట్టీసినట్టు ఉంటాడు.”

“నీకేం వొదినా,” అన్నాను.

ఆమె నా మొహం చూసి చాట కింద పెట్టింది. “దాలమ్మొదినా, ఏటైనాది?” అంది. చెబితే ఆమె మరిది కొడుక్కి కూడా ముప్పు వస్తుందేమోనని చెప్పలేదు.

విత్తనాల కొండ చూపించిన రోజు

కార్యక్రమంలో ఈ రోజు విత్తనాల కొండ. రాతి గదుల్లో దాచిన విత్తనాలు చూపించి, బయట జీడితోటలో టీలు ఇస్తారు. నేనూ ఫ్లాస్కులు మోసుకుని వెంట వెళ్ళాను. గదుల్లోంచి అతిథులు బయటికి వచ్చారు, ఫోటోకు నిలబడ్డారు.

“దాలమ్మా, మీ అతిథి ఏరీ?” అన్నారు త్రివిక్రమరావు సారు. “ఒక తల తక్కువైంది.”

“సాటుకెల్లినాది సారూ, తీసుకొత్తాను,” అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

జీడితోట దాటితే కొండ తెగిపోయి ఉంటుంది, కింద సముద్రం. నేను అటే పరుగెత్తాను. ఎండుటాకుల మీద కాళ్ళు జారుతున్నాయి. ప్రతి చెట్టు వెనకా చూశాను. నోట్లో నీ పేరే వస్తోంది, రవణ పేరు రావడం లేదు. ఎందుకో తెలియదు.

అంచుకు నాలుగడుగుల ఇవతల కూర్చుని ఉంది. ఒక చేత్తో ఇంకో చేతి కంకణాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. వెనక నుంచి వెళ్ళి రెండు చేతులతో వాటేసుకున్నాను. ఇద్దరం వెనక్కి పడ్డాం.

“ఇచ్చటి నుండి క్రిందకు చూచితిని,” అంది. ఊపిరి ఆడటం లేదు ఆమెకు, పెట్టె మాత్రం నెమ్మదిగానే చెబుతోంది. “పట్టుబడుటకంటె ఇది మేలని తలచితిని. అప్పుడు మీ కుమార్తె గుండె కొట్టుకొన్నది. చాల భయముతో కొట్టుకొన్నది. ఆమెకు నేను తెలిసితిని. అందువలన కూర్చుంటిని.”

మణికట్టు పట్టుకున్నాను. రవణ వలలో పడ్డ పిట్టలా కొట్టుకుంటోంది. ఎక్కడో ఓడలో, తను ఏ అంచు మీద ఉందో తెలియకుండా నా పిల్ల చచ్చేంత భయపడింది. నేను ఆ కంకణాన్నే నిమిరాను, పసిపిల్లను జోకొట్టినట్టు. “ఏటీ లేదమ్మా, ఏటీ లేదు, అమ్మున్నాది” అన్నాను. ఏ పిల్లతో అన్నానో. మెల్లగా నిమ్మళించింది. రెండూ నిమ్మళించాయి.

“రేపు మళ్ళీ సూత్తావా కిందకి?” అని అడిగాను.

ఆమె అబద్ధం చెప్పలేదు. “తెలియదు” అంది.

ఆ మాటతో నాకు దారి తెలిసింది. ఆమె మీద నమ్మకం పెట్టుకుని నా బిడ్డను అటు వదలలేను. తాళం వేసి ఉంచలేను. ఎవరో ఒకరి గుండె ఆ కంకణానికి కట్టే ఉండాలి. అది రవణది కానక్కర్లేదు.

రవణ దిగిన రోజు

పూచీకి వెళ్ళిన మనిషికి జబ్బు చేస్తే, అదే ఇంటి నుంచి ఇంకొకరు మారవచ్చు. రాతలో ఆ మాట ఉంది, జత తగలకుండా కంకణం ఊడకపోయినా ఓడలో ఇంకో చేతికి మాత్రం మార్చగలరు. జబ్బు అంటే వాళ్ళ డాక్టరు చూస్తాడు. అందుకని సారు దగ్గరికి వెళ్ళి, “మా అమ్మాయికి సెమిస్టరు పరీక్షలు సారూ” అన్నాను.

“పరీక్షలా?” అన్నారు. జబ్బంటే ఇంత కంగారు పడరు ఆయన. “మరి ముందే చెప్పాలి కదమ్మా. ఏడాది పోతుంది పిల్లకి.” అప్పటికప్పుడు కాగితం రాసి, నవ్వని ఆయన దగ్గరికి తనే పట్టుకెళ్ళారు. ఆయన చదివి భుజాలు ఎగరేశాడు. ఆయనకు ఒక గుండె ఉంటే చాలు.

వెళ్ళే ముందు మరిడమ్మతో చెప్పాను. “రేపట్నించి నీ సేతిలో కొట్టుకునేది నా గుండె. దానికి కొత్తగా అయ్యే దెబ్బేటీ లేదు. నువ్వు రేవుకి వొచ్చినా సరే, రాకపోయినా సరే. కిందకి మాత్రం సూడకు.”

పెట్టె ఆ మాటలను మార్చడానికి చాలాసేపు తీసుకుంది. ఆమె వంగింది. నా పాదాలు ముట్టుకుంది, ఎక్కడ చూసి నేర్చుకుందో.

ఓడలో రవణ చిక్కిపోయి ఉంది. కంకణాల మనిషి మా ఇద్దరి చేతులూ పక్కపక్కన పెట్టించాడు. కంకణం దాని చేయి వదిలి నా చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది, తర్వాత కాలింది, తర్వాత నా ఒంట్లోదే అయిపోయింది. మరిడమ్మ గుండె తెలిసింది.

“నాకు పరీక్షలేటమ్మా,” అంది రవణ. “పరీక్షలు అయిపోనాయి గదా.”

దాని చేయి గిల్లాను. చెవిలో చెప్పాను. “నీ జత మనిసి మరిడమ్మ మనింటికొత్తే రానీ. నీళ్ళోసుకున్నాది. ఎవుల్తోనూ అనకు. ఏదడిగితే అది పెట్టు. ఎటెల్తానంటే అటు ఎల్లనీ.”

“మరి నువ్వు?”

“నానోడ సూడొద్దేటి?”

అది నన్ను పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. నిచ్చెన దిగుతూ రెండు సార్లు వెనక్కి ఎక్కబోయింది, కాపలావాళ్ళు ఆపారు.

ఓడ కదిలిన రోజు

నీకు అబద్ధం చెప్పను నాయనా. ఆమె రావాలనే కోరుకున్నాను. పొద్దున్న నుంచి ఓడ అంచు పట్టుకుని రేవు వంక చూస్తూ, రా తల్లీ, రా తల్లీ అనుకున్నాను. చావు రానీ అని నువ్వు పోయిన నాటి నుంచి అనుకున్నదాన్ని, తీరా ఎక్కడికో పట్టుకుపోతారంటే ఇంత భయం ఎక్కడి నుంచి వచ్చిందో.

అతిథులు దండలతో వచ్చారు. సూరీడమ్మ లావుపాటాయన ఆవకాయ జాడీ చంకలో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఒక్కొక్క జత మణికట్లు కలిశాయి, కంకణాలు ఊడాయి, పిల్లలు పరుగెత్తి తల్లులను పట్టుకున్నారు. నా ఎదురుగా మాత్రం ఖాళీగానే ఉంది. అందరూ అయిపోయారు. నేను చేయి చాపుకుని అలాగే ఉన్నాను.

నవ్వని ఆయన త్రివిక్రమరావు సారును ఏదో అడిగాడు. సారు అతిథిగృహానికి మనుషులను పంపారు. వాళ్ళు ఉత్తచేతులతో వచ్చారు. కంకణం గుండె సంగతే చెబుతుంది, చోటు చెప్పదు. ఒకరినొకరు కనిపెట్టి చూడకూడదని పెద్దలే అలా చేయించారు. వాళ్ళ మనుషులు మన తోడు లేకుండా రేవు, విశ్వవిద్యాలయం దాటి కొండ మీదికి రాకూడదని కూడా ఉంది. సారు మెట్ల కింద నిలబడి నన్ను చూశారు. రవణను చూశారు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“కొండ పెద్దదండీ,” అన్నారు ఆయనతో. “వెతుకుతాం.”

ఓడవాళ్ళకు కోపం కూడా రాలేదు. ఒక మనిషి తక్కువ, ఒక మనిషి ఎక్కువ, సరిపోయింది. గొలుసు పైకి లాగడం మొదలుపెట్టారు.

రవణ జనాన్ని తోసుకుని నీళ్ళ అంచు దాకా వచ్చింది. మొహం వాచిపోయి ఉంది. ఏడుపు దిగమింగి, మామూలు గొంతు తెచ్చుకుని అరిచింది.

“అమా, ఇంట్లో సింతకాయలు అయిపోనాయే. తొక్కు ఎక్కడ పెట్టినావు?”

చుట్టూ ఉన్నవాళ్ళకు పిచ్చిపిల్ల మాటలా ఉండి ఉంటుంది. నాకు మాత్రం తెలిసింది, మరిడమ్మ సంగతే అది. ఇంట్లోనే ఉంది. తింటోంది.

“అటక మీద జాడీలో,” అన్నాను. “తడి సెయ్యి పెట్టకు.”

“అలగే,” అంది. ఇంకా ఏదో అంది, ఓడ కూతలో వినబడలేదు. సూరీడమ్మ దాన్ని వెనక నుంచి పట్టుకుని నిలబడింది. మేడల కొసలు దాటేదాకా ఇద్దరూ కనిపించారు.

సముద్రం మీద

ఇక్కడ వారాలు లేవు. ఎండ ముదిరి, మెత్తబడి, ముసురు పట్టింది, దాన్ని బట్టి లెక్క చూసుకుంటున్నాను. నన్ను పొరలు కడిగే గదిలో పెట్టారు. వాళ్ళు నాచుతో జావ కాస్తారు. ముక్కు మూసుకుని, వదలకుండా తాగుతాను. నేను పోతే అక్కడ రెండు ప్రాణాలు పోతాయి. అందుకని మెట్లు కూడా పట్టుకుని దిగుతున్నాను. నువ్వు పోయాక ఒంటిని ఇంత జాగ్రత్తగా చూసుకోవడం ఇదే.

చేతిలో మరిడమ్మ ఉంటుంది. ఎప్పుడు నిద్రపోయిందో తెలుస్తుంది, ఎప్పుడు మెట్లు ఎక్కిందో తెలుస్తుంది. ఒక్కోసారి ఊరికే ఉలిక్కిపడుతుంది, తలుపు ఎవరైనా తట్టారేమోనని నాకూ చెమట పడుతుంది.

ఈ రోజు పొద్దున్న పొర ఉతుకుతుంటే కంకణం పరుగెత్తింది. ఆగింది, మళ్ళీ పరుగెత్తింది. అలలు అలలుగా. మూడోసారికి నాకు తెలిసింది. నొప్పులు.

కూలబడిపోయాను. రవణకు పురుడు గురించి నేను ఒక్క ముక్క చెప్పలేదు. వేడినీళ్ళు పెట్టాలని తెలుసా, బొడ్డు ఎక్కడ ముడివేయాలో తెలుసా, సూరీడమ్మను పిలిచిందా, భయపడి ఒక్కతే కూర్చుందా. ఇక్కడి నుంచి గొంతు చించుకున్నా వినబడదు. నా చేతిలో ఆమె గుండె ఎగిరి ఎగిరి పడుతోంది. నా గుండె అదిరితే ఆమెకు తెలుస్తుంది కదా, అందుకని కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకున్నాను. తీయ్ తల్లీ, వదులు తల్లీ అనుకుంటూ, ఆమెకు దారి చూపించినట్టు. పక్కనున్న ఓడ ఆడవాళ్ళు నాకు జబ్బు చేసిందనుకున్నారు. మధ్యాహ్నం దాటింది. ఒకసారి పూర్తిగా జారిపోయింది. వేళ్ళతో ఎంత నొక్కినా దొరకలేదు. గడువు నడుస్తోందనుకున్నాను. నువ్వు గుర్తొచ్చావు. ఇద్దరమూ పోతాం, పోనీ, నీ దగ్గరికే కదా అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. వెంటనే వద్దు వద్దు అనుకున్నాను.

దొరికింది. సన్నగా, దూరంగా. తర్వాత కాస్త గట్టిగా. ఇప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటోంది, అలిసిపోయి పడుకున్న మనిషిలా.

బిడ్డ సంగతి కంకణం చెప్పదు. ఏడ్చిందో లేదో, ఆడో మగో, ఉందో లేదో నాకు ఎప్పటికీ తెలియకపోవచ్చు.

బాలింత పక్కన ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. రవణకు మొద్దునిద్ర. గోడకు ఆనుకుని మణికట్టు మీద వేలు పెట్టుకుని, నేనే మేలుకుని ఉన్నాను.